బంగినపల్లి నింపిన సోర్‌డో డోనట్లు: ఎండాకాలం వంటింటి డైరీ

హైదరాబాద్, మే నెల, ఏసీ లేని వంటిల్లు. మధ్యాహ్నం 36 డిగ్రీలు, తెల్లవారుజామున 29. ఈ డైరీలో సగం గొడవకి ఈ రెండు అంకెలే కారణం. సోర్‌డో (ఇంట్లో పులియబెట్టిన పిండితో పొంగించే) డోనట్ల కొలతలు రాసేవాళ్ళలో ఎక్కువమంది వంటిళ్ళు 21 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటాయి. "రాత్రంతా బయట ఉంచండి" అన్న మాట అక్కడ చెల్లుతుంది. ఇక్కడ అలా ఉంచితే పొద్దున్నకి ముద్ద కాదు, జావ ఉంటుంది. ఎంతసేపు అన్నది కాదు, పిండి ఎన్ని డిగ్రీల్లో ఉంది అన్నది చూసుకున్నాకే పని దారిలో పడింది. అందుకే కింద టైముతో పాటు ప్రతిచోటా వేడి కూడా రాశాను.

కావాల్సింది ఇది: ప్యాకెట్ ఈస్ట్ లేకుండా పొంగాలి, పులుపు తెలియకూడదు, నడుమ చుట్టూ తెల్లటి పట్టీ రావాలి, లోపల మామిడి సాయంత్రం దాకా కారకుండా నిలవాలి. ఒక్కోటి 60 గ్రాముల పిండి, 22 గ్రాముల పండు.

దశ 1: స్టార్టర్‌లో పులుపు తగ్గించడం

బ్రెడ్ కోసం పెంచుకుంటున్న స్టార్టర్, అంటే పొంగు తెప్పించే పులిసిన పిండి, ముందే ఉంది. గోధుమపిండి, నీళ్ళు సమానం. ఈ ఎండలకి మూడు గంటల్లో రెట్టింపై, నాలుగో గంటకల్లా కుంగిపోతోంది. దాన్నే నేరుగా తీపి పిండిలో కలిపి చూశాను. పొంగడం పొంగింది. కొరికితే ముందు తీపి తగిలి, వెనకే పుల్లమజ్జిగ రుచి వచ్చింది. మామిడి నింపాక ఆ పులుపు ఇంకా పైకి తేలింది. పీహెచ్ కాగితం (పులుపు కొలిచేది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ముంచితే కుంగిన స్టార్టర్ 4 కన్నా కింద చూపించింది. పైగా ఆ డోనట్లకి రంగు రాలేదు. అతిగా పులిసిన పిండిలో చక్కెరలు అయిపోతాయి, పులుపు ఎక్కువైతే పైన ఎర్రబడటమూ మందగిస్తుంది. ఎంతసేపు వేయించినా పాలిపోయే ఉన్నాయి.

దీనికి విరుగుడు గట్టి, తీపి స్టార్టర్. నీళ్ళు తగ్గించి చక్కెర వేస్తే పులుపు పుట్టించే బ్యాక్టీరియా ఈస్ట్ కన్నా ఎక్కువ ఇబ్బంది పడుతుంది. పొంగు వస్తుంది, పులుపు వెనకబడుతుంది. ఇటలీలో పానెట్టోనె అనే తీపి రొట్టె చేసేవాళ్ళు కూడా గట్టి స్టార్టర్‌నే నమ్ముకుంటారు.

1. మామూలు స్టార్టర్ 20 గ్రా., మైదా 100 గ్రా., చల్లటి నీళ్ళు 45 గ్రా., పంచదార 15 గ్రా. మొత్తం 180 గ్రా.
2. చపాతీ పిండి కన్నా గట్టిగా పిసికి ఉండ చేయాలి. పొడిపొడిగా ఉందని నీళ్ళు పోయొద్దు, పది నిమిషాలు మూతపెడితే దానంతటదే కలుస్తుంది.
3. నిటారుగా ఉన్న గాజు గ్లాసులో అదిమి, రబ్బరు బ్యాండుతో గుర్తు పెట్టాలి.
4. 28–30 డిగ్రీల్లో ఆరు గంటలు. రెండున్నర రెట్లు దాటి, పైభాగం ఇంకా గుండ్రంగా ఉండగానే వాడేయాలి. పైన గుంట పడితే ఆలస్యమైనట్టే.

36 డిగ్రీల వంటింట్లో 28 ఎక్కడిది? వెడల్పు పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, మధ్యలో గ్లాసు పెట్టి, పైనుంచి తడి నూలుగుడ్డ కప్పి, అంచులు నీళ్ళలో మునిగేలా వదిలాను. గుడ్డ లోపల థర్మామీటర్ 29 చూపించింది. హైదరాబాద్ మే ఎండ పొడి ఎండ కాబట్టి ఇది పనిచేసింది. విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో గుడ్డ అంత త్వరగా ఆరదు, వేడి ఇంతలా తగ్గదు. అక్కడివాళ్ళు నీళ్ళలో ఐసు ముక్కలు వేసుకోవాల్సిందే.

ఈ స్టార్టర్‌ని వరసగా రెండు పూటలు ఇలాగే పెంచాక పులుపు వాసన పోయి, పండిన అరటిపండు వాసన వచ్చింది. పిండిలోకి వెళ్ళింది అప్పుడే.

ఇప్పటిదాకా: మైదా 0.7 కిలో. ఖర్చు 730 రూ. (ప్రోబ్ థర్మామీటర్ 550, పీహెచ్ కాగితాలు 140, మిగతాది పిండి, పంచదార).

దశ 2: పిండి, వెన్న, వేడి

మొదటి విడతలో అన్నీ బయట ఉన్న వేడిలోనే కలిపాను. ఇరవై నిమిషాలు పిసికేసరికి పిండి 31 డిగ్రీలకి వచ్చింది. వెన్న కలవలేదు, కరిగి పైకి కారింది. అరచేతులు, బండ, పిండి అన్నీ జిడ్డే. రాత్రంతా బయట ఉంచడం కూడా ఆ విడతలోనే అయింది. పొద్దున గిన్నెలో ఉన్నది గరిటెతో తీయాల్సి వచ్చింది. ఘాటుగా వెనిగర్ వాసన. వేలితో లాగితే సాగకుండా తెగిపోయింది. పులుపు, వేడి కలిస్తే గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) అల్లిక విడిపోతుంది. అలా విడిపోయిన పిండికి ఎంత మైదా అద్దినా తిరిగి పట్టు రాదు. అద్ది చూశాను, కిలో మైదాలో పావు వంతు దండగ.

మార్చినవి మూడు.

మొదటిది చల్లదనం. మైదా ఫ్రీజర్‌లో గంట. పాలు, గుడ్లు ఫ్రిజ్‌లోంచి నేరుగా. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. ఇలా చేస్తే పిసకడం అయ్యేసరికి పిండి 25–26 డిగ్రీల్లో ఉంటోంది.

రెండోది మైదా బలం. ప్యాకెట్ వెనక ప్రోటీన్ 100 గ్రాములకి 10 గ్రాములని ఉంది. వెన్న, గుడ్డు మోయడానికి అది చాలడం లేదు. 390 గ్రా. మైదాకి 10 గ్రా. గ్లూటెన్ పొడి కలిపితే 11.6 శాతం దాకా వెళుతుంది. 20 గ్రాములు వేసిన విడత రబ్బరులా సాగింది, అందుకే 10 దగ్గరే ఆగాను.

మూడోది పాలు. పచ్చి పాలల్లో ఉండే ఒక రకం ప్రోటీన్ పిండిని బలహీనపరుస్తుందని కాచి చల్లార్చమంటారు. మన ఇళ్ళల్లో కాయని పాలు ఎలాగూ ఉండవు. మీగడ తీసేస్తే చాలు, లేకపోతే పిండిలో తునకలుగా తగులుతుంది.

ఇప్పుడు వాడుతున్న కొలత:

- మైదా 390 గ్రా., గ్లూటెన్ 10 గ్రా.
- గట్టి తీపి స్టార్టర్ 160 గ్రా. (మిగిలిన 20 మళ్ళీ పెంచడానికి)
- కాచి చల్లార్చిన పాలు 180 గ్రా.
- గుడ్లు 2, పెంకు తీశాక 100 గ్రా.
- పంచదార 50 గ్రా., ఉప్పు 8 గ్రా.
- ఉప్పులేని వెన్న 70 గ్రా.

మొత్తం 968 గ్రా. గిన్నెకి, చేతికి అంటుకున్నది పోగా 60 గ్రాముల ఉండలు 16.

1. వెన్న, ఉప్పు తప్ప అన్నీ కలిపి పావుగంట వదలాలి.
2. ఉప్పు వేసి పిసకాలి. గట్టు మీద విసిరికొట్టి మడతపెట్టడం నాకు సులువనిపించింది. పిండి చేతిని వదిలేదాకా పది, పన్నెండు నిమిషాలు.
3. వెన్న నాలుగు భాగాలుగా. ఒక భాగం పూర్తిగా ఇంకాకే ఇంకో భాగం.
4. చిన్న ముక్క తీసి వేళ్ళ మధ్య సాగదీస్తే అవతలి వెలుగు కనిపించేంత పల్చటి పొర రావాలి. అంచులు గరుకుగా చిరిగితే ఇంకో ఐదు నిమిషాలు.
5. తడిగుడ్డ కింద 29–30 డిగ్రీల్లో మూడు గంటలు. ఒకటిన్నర రెట్లు అయితే చాలు, రెట్టింపు అక్కర్లేదు.
6. ఫ్రిజ్‌లో రాత్రంతా.

మిక్సీకి ఇచ్చే పిండి కలిపే బ్లేడుతో కూడా చూశాను. రెండు నిమిషాల్లో పని అయింది, కానీ పిండి 34 డిగ్రీలకి చేరింది. ఈ పనికి అది వద్దు.

గుడ్డు తిననివాళ్ళ కోసం దాని బదులు పాలు, కాస్త గట్టి పెరుగు వేసి ఒక విడత చేశాను. వేడిగా ఉన్నంతసేపూ బాగున్నాయి. సాయంత్రానికి గట్టిపడ్డాయి. ఆ దారిలో ఇంకా ముందుకి వెళ్ళలేదు.

ఇప్పటిదాకా: మైదా 2 కిలోలు, గుడ్లు 6, వెన్న 210 గ్రా. ఖర్చు 730 + 457 = 1,187 రూ.

దశ 3: ఉండలు, రెండో పొంగు

ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి పిండినే తూచి కోయాలి. వేడెక్కేదాకా ఆగితే ఉండలు చుట్టలేం. గుండ్రంగా చుట్టి, అరచేత్తో 2.5 సెంటీమీటర్ల మందానికి అదమాలి. అదమకుండా బంతుల్లా వదిలినవి మూకుట్లో ఒకవైపే బరువెక్కి, తిప్పితే మళ్ళీ బొర్లాపడ్డాయి. చిల్లుల గరిటెతో నొక్కి పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఒక్కో ఉండ కింద 10 సెంటీమీటర్ల చదరం బటర్ పేపర్. ఇది ఖర్చు దండగ అని మానేసి, నూనె రాసిన స్టీలు పళ్ళెంలో పెట్టిన విడతలో, ఎత్తేటప్పుడు వేళ్ళ గుర్తులు పడి సగం గాలి అక్కడే పోయింది. ఇప్పుడు కాగితంతో సహా నూనెలోకి జార్చి, పది సెకన్లాగి పట్టకారుతో కాగితం లాగేస్తున్నాను. అదే కాగితం మళ్ళీ పనికొస్తుంది.

సీలింగ్ ఫ్యాన్ ఇక్కడ శత్రువు. పైపొర ఎండితే పొంగు ఆగిపోతుంది, నూనెలో అది అడ్డంగా చీలుతుంది. పళ్ళెం మీద ఇంకో లోతైన పళ్ళెం బోర్లించి, లోపల ఓ చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టాను. 30 డిగ్రీల్లో మూడున్నర నుంచి నాలుగు గంటలు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నింపాదిగా, సగం దాకా పైకి రావాలి. చటుక్కున వస్తే ఇంకా టైముంది. అసలు రాకపోతే వెంటనే మూకుడు పెట్టేయాలి.

దశ 4: నూనె

డబ్బు, పిండి అన్నిటికన్నా ఎక్కువ పోయింది ఇక్కడే.

పల్చటి అల్యూమినియం మూకుడులో నాలుగు వేస్తే నూనె వేడి 172 నుంచి 155కి పడిపోయింది, మళ్ళీ ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోపు డోనట్లు నూనె తాగాయి. ఎంత తాగాయో తెలియాలని మూకుడుని నూనెతో సహా వేయించే ముందు, వేయించి పూర్తిగా చల్లారాక తూచాను. ఎనిమిదింటికి 128 గ్రా. తగ్గింది, అంటే ఒక్కోదానికి 16. అదే పిండిని ఇనుప మూకుడులో, మూడేసి చొప్పున, వేడి 165 కన్నా కిందికి దిగకుండా వేయిస్తే ఎనిమిదింటికి 72 గ్రా., ఒక్కోదానికి 9.

రెండో కొసకి కూడా వెళ్ళి చూశాను. 185 దగ్గర నిమిషంలోనే ముదురు రంగు వచ్చింది, లోపల ప్రోబ్ గుచ్చితే 78 డిగ్రీలు, మధ్యలో పచ్చిముద్ద. ఉడికిన డోనట్ లోపల 90 దాటాలి.

నేను థర్మామీటర్ పట్టుకుని కుస్తీ పడుతుంటే అత్తయ్య వచ్చి నిలబడ్డారు. "బూరెలకి చూసినట్టు చిటికెడు పిండి వేసి చూడమ్మా, దానికింత యంత్రం దేనికి?" అన్నారు. వేశారు. పిండి అడుక్కి వెళ్ళి, ఓ క్షణం ఆగి, చుట్టూ సన్నటి బుడగలతో పైకి తేలింది. "ఇదిగో, ఇప్పుడు వెయ్యి." అప్పుడు చూస్తే 168. ఇంకోసారి ఆవిడకి థర్మామీటర్ కనపడకుండా అడిగాను, 170 దగ్గర "చాలు" అన్నారు. థర్మామీటర్ లేనివాళ్ళకి ఈ లెక్క సరిపోతుంది. కాకపోతే మూడేసి వేశాక వేడి ఎంత పడిందో చిటికెడు పిండి చెప్పలేదు.

ఆవిడే ఇంకో సలహా ఇచ్చారు: పూర్ణం పెట్టినట్టు పండుని ముందే లోపల పెట్టి వేయించొచ్చు కదా అని. రెండు చేశాం. పూర్ణం పొడిగా ఉంటుంది, మామిడిలో నీళ్ళుంటాయి. ఆవిరి పిండిని ఒకపక్కకి తోసి, లోపల పెద్ద గుహ చేసి, అతుకు దగ్గర తన్నుకొచ్చింది. నూనె చిటపటలాడి పొయ్యి చుట్టూ చింది, అడుగున పడిన గుజ్జు మాడి, నూనె మొత్తం నల్లబడింది. ఇది ఇంట్లో ఎవరూ చేయొద్దు.

నిలిచిన పద్ధతి:

1. ఇనుప మూకుడు, వేరుశనగ నూనె లీటరున్నర, 172 డిగ్రీలు.
2. మూడేసి. పొంగినప్పుడు పైన ఉన్న వైపు ముందు నూనెలోకి.
3. రెండు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు నిమిషాలు. ఒక్కసారే తిప్పాలి.
4. పళ్ళెంలో కాగితం మీద కాదు, జల్లెడ మీద తీయాలి. కాగితం మీద ఆవిరి కిందే ఉండిపోయి అడుగు మెత్తబడుతోంది.

తెల్లటి పట్టీ నూనె విషయం కాదు, పొంగు విషయం. సరిగ్గా పొంగినది సగం పైకి తేలుతుంది, నడుమ భాగానికి నూనె తగలదు. పట్టీ లేకపోతే తప్పు దశ 3లో వెతకాలి.

వాడిన నూనె గురించి: టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. అది ఇంట్లో కొలిచేది కాదు. నేను చల్లార్చి, గుడ్డలో వడకట్టి, వారంలోపు తాలింపులకి వాడేస్తున్నాను. రెండోసారి డోనట్లకి పెట్టడం లేదు.

ఇప్పటిదాకా: 1,187 + 690 = 1,877 రూ. (నూనె 300, బటర్ పేపర్ 90, రెండు విడతల పిండి సరుకులు 300).

దశ 5: మామిడి

బంగినపల్లి ఎందుకంటే గుజ్జు గట్టిది, పీచు తక్కువ. నూజివీడు చిన్నరసాలతో రుచి ఇంకా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రసం ఎక్కువ, పీచు నాజిల్‌లో ఇరుక్కుంటోంది. వడకడితే మిగిలేది రసమే.

పచ్చి గుజ్జులో పంచదార కలిపి నింపితే గంటలో లోపలి గోడలు తడిసి ముద్దయ్యాయి. పోలండ్‌లో పోంచ్కీలనే నింపిన డోనట్లకి గులాబీ జామో, గంటలతరబడి మగ్గబెట్టిన ప్లమ్ గుజ్జో వాడేది, వియన్నా డోనట్లయిన క్రాప్ఫెన్‌లో ఆప్రికాట్ జామ్ పెట్టేది ఊరికే కాదు. నీరు ఇగిరిన పండే రొట్టెలో నిలుస్తుంది.

జామ్ 105 డిగ్రీల దగ్గర దించమని పుస్తకాల లెక్క. ఆ లెక్క సముద్రమట్టానిది, నీళ్ళు 100 దగ్గర మరిగే చోటుది. హైదరాబాద్ 500 మీటర్లకి పైన ఉంది. మా పొయ్యి మీద నీళ్ళు 98 దగ్గరే మరుగుతున్నాయి. 105 దాకా లాగితే రంగు గోధుమకి తిరిగి, మామిడి వాసన పోయి, చల్లారాక చెంచా నిలబడింది. ఇక్కడ జామ్‌కి 103 చాలు. డోనట్‌లోకి అంతకన్నా మెత్తగా కావాలి కాబట్టి వేడి చూడటం మానేసి బరువు చూడటం మొదలుపెట్టాను.

1. ఖాళీ గిన్నె తూచి రాసుకోవాలి. నాది 612 గ్రా.
2. బంగినపల్లి గుజ్జు 450, తురిమిన పచ్చిమామిడి 60, పంచదార 150, చిటికెడు ఉప్పు. పండిన మామిడిలో పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచే పదార్థం) తక్కువ, పచ్చికాయలో ఎక్కువ, పులుపూ కలిసొస్తుంది. మొత్తం 660 గ్రా.
3. సన్నని మంట మీద, అడుగంటకుండా తిప్పుతూ. గిన్నెతో కలిపి 1,022 దగ్గర దించేయాలి, అంటే లోపల 410 గ్రా. ఆ దశలో థర్మామీటర్ 100–101 మధ్య ఉంటుంది.
4. ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద చెంచాడు వేసి వేలితో గీత గీస్తే గీత పూడకూడదు.
5. పూడితే మళ్ళీ పొయ్యి ఎక్కించక్కర్లేదు. 30 గ్రా. మామిడి తాండ్ర సన్నగా తరిగి వేడిగా ఉండగానే కలిపితే కరిగి చిక్కబడుతుంది. తాండ్ర అంటే ఎలాగూ ఎండిన గుజ్జే. కాబట్టి రుచి పలచబడదు. కార్న్‌ఫ్లోర్‌తోనూ చూశాను, నాలుకకి పిండి తగిలింది.

జామపండుతో చేసింది కూడా బాగా కుదిరింది. పెక్టిన్ పుష్కలం, పచ్చికాయ అక్కర్లేదు, గింజలు వడకట్టడమే పని.

ఇప్పటిదాకా: 1,877 + 490 = 2,367 రూ.

దశ 6: నింపడం

మూకుడులోంచి తీయగానే నింపితే ఆవిరికి గుజ్జు పల్చబడి కారింది. లోపల 40 డిగ్రీలకి దిగాకే నింపాలి, అరగంట పైనే పడుతుంది. పంచదార అద్దడం మాత్రం ఇంకా కాస్త వేడి ఉండగానే. పొడి చేసిన పంచదార చెమ్మగిల్లి మాయమైంది. మామూలు పంచదారని ఏలక్కాయలతో మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే సరిపోయింది.

తెల్లపట్టీ మీద సన్నని చాకు మొన గుచ్చి, స్టీలు స్ట్రా లోపలికి పంపి అటూ ఇటూ ఆడిస్తే చోటు ఏర్పడుతుంది. తర్వాత డోనట్‌ని తూకం మీద పెట్టి, సున్నా చేసి, 6 మిల్లీమీటర్ల నాజిల్ సగం దాకా గుచ్చి నొక్కాలి. 12, 15 దాకా ఏమీ తెలియదు. 18 దగ్గర వేళ్ళ కింద డోనట్ పైకప్పు మెల్లగా లేస్తుంది. 22 దగ్గర నాజిల్ చుట్టూ పసుపు గీత కనపడుతుంది, ఆగాలి. 25 దాకా నొక్కినవి పంచదార డబ్బాలోనే పగిలాయి. గోరింటాకు కోన్‌తో కూడా ప్రయత్నించాను. మొన సన్నం, పచ్చిమామిడి తురుము అడ్డుపడి కోన్ వెనకవైపు విడిపోయింది.

పదహారింటికి 352 గ్రా., మిగిలిన 58 పొద్దున చపాతీల్లోకి.

ఒక విడత లెక్క

పిండి 25, గ్లూటెన్ 10, గుడ్లు 14, వెన్న 45, పాలు 12, పంచదార 15, మామిడి 70, తాగిన నూనె 25. మొత్తం 216 రూ., ఒక్కోటి 13.50. గ్యాస్ కలపలేదు.

టైము: మధ్యాహ్నం 1కి స్టార్టర్, రాత్రి 7కి పిండి, 10:45కి ఫ్రిజ్, పొద్దున 7కి ఉండలు, 11:30కి మూకుడు, ఒంటిగంటకి నింపడం.

నింపినవి ఆ రోజుకే. నింపనివి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచి, ఓవెన్‌లో 160 డిగ్రీల్లో ఐదు నిమిషాలు వేడిచేసి, చల్లారాక నింపితే తేడా పెద్దగా తెలియలేదు. ఇంకా కుదరనిది ఒకటుంది: ప్రతి విడతలో ఒకటో రెండో చాకు గుచ్చిన చోట కింద దాకా చీలుతున్నాయి. రెండో పొంగు ఎక్కువైన ఉండలకే అలా అవుతోందని అనుమానం. వచ్చే విడతలో చివర వేయించే మూడింటిని ఫ్రిజ్‌లో ఉంచి చూస్తాను.